కొలతల పుస్తకం

నా టేపుకి మొదటి అంగుళం లేదు.
అరిగి అరిగి ఎప్పుడో ఊడిపోయింది.
రెండు దగ్గర మొదలెట్టి, చివర ఒకటి తీసేసుకుంటాను.
కొత్తది కొనుక్కో మావయ్యా, అంటుంది నిల్దా.
కొననంటే కొనను.
తెలిసిన తప్పుతో ఒప్పు లెక్క కట్టడం
ఇన్నేళ్ళకి చేతికొచ్చింది.

కాసిమీరో ఇరహోలా, సెకండ్ లెఫ్టినెంట్.
ఛాతీ ముప్పై ఆరు. నడుం ఇరవై తొమ్మిది.
ఎడమ భుజం అరంగుళం కిందికి.
పన్నెండేళ్ళ వయసులో
తగరపు గనిలో మోసిన తట్ట గుర్తు.
"అది కనపడకూడదు" అన్నాడు, గొంతు తగ్గించి.
అస్తరు కింద దూది కూరి సరిచేశాను.
ఆ ఏడు పెరేడ్‌లో వరస మొత్తానికీ
తిన్నటి భుజాలు అతనివే.
నలభై పెసోలు బాకీ. వచ్చే నెల ఇస్తానన్నాడు.

కెప్టెనయ్యాడు. మూడో నక్షత్రం నేనే కుట్టాను.
ఆ ఆగస్టులో, గనివాళ్ళు వంతెన మీద బైఠాయించినప్పుడు
కోటు ఒక్కటే వచ్చింది, జవాను చేత, కాగితంలో చుట్టి.
కుడి మోచేతి దగ్గర కాలిన కన్నం.
కాల్చమంటే కాల్చలేదని కొందరు,
కాల్చాకే ఆపమన్నాడని కొందరు.
నేను రఫూ చేశాను.
అక్కడేం జరిగిందో
బట్టక్కూడా గుర్తుండకూడదు, రఫూ అంటే అదీ.

ఒక రాత్రి రేడియోలో పాట సగంలో తెగి
బాకాలు, ఆ తర్వాత అతని గొంతు.
మా మెట్ల కింద ఊదారంగు మొక్కజొన్న గంజి అమ్మే
దోన్యా సతుర్నీనా కుండ మీద మూతేసి అడిగింది:
"మీ భుజం అబ్బాయే కదూ!
పంచదార ధర పెరుగుతుందంటావా?"
పెరిగింది.

రెండేళ్ళకి ఎన్నికలు పెట్టాడు.
"మాస్టారూ, సోమవారానికి మూడు సూట్లు.
బడిపంతులు తొడుక్కున్నట్టుండాలి. కొంచెం లూజుగా."
అద్దం ముందు నిలబెట్టి చూశాను.
కుడి చెయ్యి తుంటికి ఆనడం లేదు.
అక్కడ పిస్తోలు లేదు, పిస్తోలుకి వదిలిన జాగా ఉంది.
ఆ జాగాకి తగ్గట్టే కత్తిరించాను.
జెండా ఎగరేసినప్పుడు చెయ్యి కణత దాకా లేచి,
ఏదో గుర్తొచ్చి, జుట్టు సర్దుకుని దిగేది.
జనానికి అదీ నచ్చింది.
బళ్ళో పిల్లలు ఒకళ్ళకొకళ్ళు చేసి చూపించుకునేవాళ్ళు.

పదకొండేళ్ళు.
పుస్తకం ప్రకారం మనిషి ఏటేటా చిక్కిపోయాడు,
కోటు ఏటేటా పెద్దదైంది.
లోపల తూటా దిగని చొక్కా.
ఒకసారి గుండె మీద సుద్దగీత గీస్తుంటే
ఇద్దరు నా మణికట్టు పట్టుకున్నారు.
వదలమని ఆయన అనలేదు.
కిటికీ వైపు చూశాడు.
కొండని పట్టుకు వేలాడే ఎర్రిటుక ఇళ్ళు,
ఒక్కదానికీ పూత లేదు.
అప్పుడే వాటిని చూస్తున్నట్టు చూశాడు.

తర్వాత ఓడిపోయాడు. ఆ రోజు సెలవిచ్చారు.

నిన్న మెట్లెక్కి వచ్చాడు, మధ్యలో రెండుసార్లు ఆగి.
వెనక ఎవరూ లేరు. చంకలో మూట.
మొదటి యూనిఫాం.
"వదులు చెయ్యగలవా?"
"ఎక్కడికి తొడుక్కోడానికి?"
చెప్పలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

పోతూ పోతూ ఆ నలభై బల్ల మీద పెట్టాడు.
నోట్ల మీద ఆయన బొమ్మే.
మొన్న మార్చిలో రద్దయిన నోట్లు.
ఇద్దరం వాటికేసి చూశాం.
ముందు నవ్వింది ఆయనే.

రాత్రి దీపం దగ్గరికి లాక్కుని పక్క కుట్లు విప్పాను.
పైబట్ట కడిగిన బూడిదలా వెలిసిపోయింది.
లోపలి మడతలో, వెలుతురు తగలని రెండంగుళాలు మాత్రం
కొన్న రోజు ఆకుపచ్చ.
వదులు చేస్తే అది బయటికొస్తుంది,
రెండు పక్కలా రెండు చారలై.
ఎంత ఇస్త్రీ చేసినా కలవదు.

రంగేద్దామా మావయ్యా, అంది నిల్దా.

ఎడమ భుజంలో దూది ఎలకలు లాగేశాయి.
కొత్తది కూరాలో, అలాగే వదిలేయాలో
ఇంకా తేల్చుకోలేదు.
శనివారం రమ్మన్నాను.